మోసం చేయొచ్చు... అబద్ధం ఆడొద్దు!

మూడు గళ్లు. మొదటి గడిలో 'ఎ', రెండో గడిలో 'చ్చె', మూడో గడిలో 'ర్ల'. ఎచ్చెర్ల! శ్రీకాకుళం దాటి విశాఖ వైపు వస్తుంటే తగిలే ఊరు. జవాబు చెప్పేశాక ఇంకేముంది అనుకుంటున్నారా? అసలు పని ఇప్పుడే మొదలు. ఎదుటివాడు కాసేపు బుర్ర గోక్కుని, ఆనక 'ఓస్... ఇదా!' అనుకునేలా ఈ మాటకు ఓ ఆధారం రాయాలి. అలాంటి ఆధారాలు ఓ వంద వచ్చాయనుకోండి. వాటిలో మంచిదేదో తేల్చమని మిమ్మల్నే కుర్చీలో కూర్చోబెట్టారనుకోండి. అప్పుడు తెలుస్తుంది, గళ్లు నింపడం ఎంత సుఖమో!

తెలుగువాళ్లకు గడినుడి కొత్తేం కాదు. విశాఖలో పుట్టిన ఇద్దరు కవులకు ఈ సరదా గట్టిగానే ఉండేది. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చారు. ఆరుద్ర గళ్ల నుడికట్టు నడిపారు. ఆ మాటకొస్తే గళ్లు గీయడం తెలియని రోజుల్లోనూ మనవాళ్లకు అక్షరాలతో ఆట అలవాటే. 'మరా మరా' అంటూ పోతే రామనామమైందన్న వాల్మీకి కథలో ఉన్నదేమిటి? రెండు గళ్లను తిరగేయడమే కదా! తెనాలి రామకృష్ణుడి బిరుదు 'వికటకవి' అయిదు గళ్లు. ఎటునుంచి చదివినా ఒకటే. కాకపోతే మనదగ్గర బహుమతులన్నీ దాదాపుగా గళ్లు నింపినవాళ్లకే వెళ్లాయి. ఆధారం రాసినవాడి పనితనాన్ని కొలిచి, ఇది బాగుంది, ఇది బాగోలేదు, ఎందుకంటే... అని విడమరిచే పద్ధతి మాత్రం పెద్దగా పాతుకోలేదు.

ఆ ముచ్చట చూడాలంటే లండన్ వెళ్లాలి. అక్కడి ఆదివారం పత్రిక 'అబ్జర్వర్'లో 1926 నుంచి ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ 'టార్కెమాడా' అనే మారుపేరుతో గళ్లు కూర్చారు. 1939లో ఆయన పోయాక, బడిలో గ్రీకు, లాటిన్ చెప్పే డి.ఎస్.మెక్‌నట్ మాస్టారు 'జిమెనీజ్' పేరుతో అందుకున్నారు. 1972లో జొనాథన్ క్రౌథర్ 'అజెడ్'గా వచ్చారు. ఈ పేర్ల వెనక ఓ తమాషా ఉంది. మొదటి రెండూ స్పెయిన్‌లో ఒకప్పుడు మతద్రోహులంటూ జనాన్ని విచారించి శిక్షించిన పెద్దలవి. మూడోది అదే కోవకు చెందిన 'డెజా' పేరును ఇంగ్లిషులో తిరగరాసింది. పాఠకుల్ని హింసపెడతామని పేరులోనే చెప్పేశారన్నమాట!

జిమెనీజ్ కాలంలో స్థిరపడిన అలవాటు ఏమిటంటే... ఒక మాట ఇస్తారు. దానికి పాఠకులే ఆధారం రాసి పంపాలి. అవధానంలో దత్తపది ఇచ్చినట్టు! గెలిచినవాళ్ల పేర్లు వేసి ఊరుకోకుండా, మెచ్చినవి ఎందుకు మెచ్చారో, కాదన్నవి ఎక్కడ బెడిసికొట్టాయో రాసిన కాగితం అచ్చువేసి పంపేవారు. బహుమతికన్నా ఆ కాగితంలో చోటు కోసమే కొందరు ఎదురుచూసేవారంటే ఆశ్చర్యమేం లేదు. మెక్‌నట్ అయితే 1966లో ఈ విద్యమీద ఏకంగా పుస్తకమే వేశారు. ఆయన లెక్కలో ఆధారానికి రెండు దారులుండాలి. ఒకటి అర్థం, రెండోది మాటల ఆట. రెండూ వెళ్లి ఒకే జవాబు దగ్గర కలవాలి. మధ్యలో పాఠకుణ్ని ఎంత పక్కదారి పట్టించినా ఫర్వాలేదు. జవాబు తెలిశాక వెనక్కి చూసుకుంటే మాత్రం రాసిన ప్రతి మాటా నిజమై ఉండాలి.

పొద్దుపోక ఆడే ఆటకు ఇంత పట్టింపా అనిపించొచ్చు. కానీ మన దేశంలో ఈ గొడవ సుప్రీంకోర్టు గడప తొక్కింది. బెంగళూరు నుంచి వెలువడిన 'స్పోర్టింగ్ స్టార్' వారపత్రికలో 'ఆర్.ఎం.డి.సి. క్రాస్‌వర్డ్స్' పేరుతో పోటీలు నడిచేవి. డబ్బు కట్టి జవాబులు పంపాలి. చిక్కేమిటంటే, ఒక్కో ఆధారానికి రెండేసి మాటలు సరిపోయేవి. ఏది రైటు? నిర్వాహకులు ముందే సీలువేసి దాచిన కాగితంలో ఏదుంటే అది! నిఘంటువు మొత్తం నమిలి మింగినవాడైనా అక్కడ చేయగలిగింది ఊహించడమే. ఇలాంటివాటికి ముకుతాడు వేయడానికి కేంద్రం 1955లో బహుమతి పోటీల చట్టం తెచ్చింది. నెలకు మొత్తం బహుమతులు వెయ్యి రూపాయలు దాటితే ఆ పోటీ నిషిద్ధం. నిర్వాహకులు కోర్టుకెక్కారు. ఈ చట్టం జూదంలాంటి పోటీలకే వర్తిస్తుంది, నైపుణ్యం మీద గట్టిగా ఆధారపడినవాటికి కాదు అని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే రెండు జవాబులొచ్చే ఆధారం రాసినవాడు, పెన్సిలు పట్టుకున్న మనిషి చేతిలో లాటరీ టిక్కెట్టు పెడుతున్నట్టే లెక్క.

ఎచ్చెర్ల మాట తర్వాత. ముందు పొరుగూళ్లతో చేయి తిప్పుకుంటే మంచిది. 'స్నేహం గ్రామంతో కలిస్తే సన్నఖద్దరు నేసే చోటు.' పొందు, ఊరు... పొందూరు! వాలుగ చేప దవడతో దూదిని దువ్వి సన్న నూలు తీసే ఊరని జిల్లాలో చిన్నపిల్లలూ చెబుతారు. అర్థం, ఆట రెండూ చక్కగా కుదిరాయి. 'ఇంగ్లిషు చట్టానికి మూలం శ్రీకాకుళం జిల్లా మండలమే!' లా, వేరు... లావేరు. చదవగానే నవ్వొస్తుంది, అదీ దీని అందం. అందులో 'ఇంగ్లిషు' అన్న మాట లేకపోతే మాత్రం తప్పయ్యేది. 'లా' పరాయి భాషదని చెప్పకుండా దాచడం అన్యాయం. మరి 'యుద్ధభూమి అయిన మండలం'? రణస్థలం. తప్పేం లేదు... దాచిందీ ఏం లేదు. పాస్ మార్కులు వేయొచ్చు.

ఎచ్చెర్ల దగ్గరికొస్తే అంత సులువుగా లొంగదు. ఇంగ్లిషువాడి గడిలో ఒంటి అక్షరం ఉంటుంది. దాన్ని ఎటైనా తిప్పుకోవచ్చు. మన గడిలో గుణింతం, ఒత్తు అన్నీ కలిసి కాపురం ఉంటాయి. 'చ్చె'తో మొదలయ్యే తెలుగు మాట లేదు. 'ర్ల'తోనూ లేదు. కాబట్టి తిరగేయడం కుదరదు, రెండు మాటల మధ్య ఇరికించి దాచడమూ కుదరదు. అయినా మూడు రకాల ఆధారాలు వచ్చాయనుకోండి.

ఒకటి: 'పట్టా కోసం సిక్కోలు కుర్రాళ్లు వెళ్లే ఊరు.' 2008లో ఏర్పడ్డ డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉన్నది ఎచ్చెర్లలోనే. నిజమే. కానీ టెక్కలిలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. టె-క్క-లి... అవీ మూడు గళ్లే! ఇక దీనికీ సీలువేసిన కాగితానికీ తేడా ఏముంది? పక్కన పెట్టాల్సిందే.

రెండు: 'ఎక్కువ నదుల చేరువలో విశ్వవిద్యాలయం ఉన్న ఊరు.' ఎక్కువంటే ఎచ్చు. నదుల అంటే ఏర్ల. రెండూ కలిపితే ఊరి పేరు! నాగావళి, వంశధార పారే జిల్లాకు ఎంత అందంగా అతికిందో చూడండి. (ఊరికి ఆ పేరు అలాగే వచ్చిందని ఎవరూ అనుకోవద్దు, ఇది ఆట మాత్రమే.) చదవగానే బహుమతి రాసిచ్చేయాలనిపిస్తుంది.

మూడు: 'ఎవరు వచ్చెను మాచర్ల? వరుసగా తల, నడుము, కాలు చూస్తే అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఊరు.' 'ఎవరు'లో మొదటి గడి, 'వచ్చెను'లో మధ్య గడి, 'మాచర్ల'లో చివరి గడి. ఎ-చ్చె-ర్ల. వడ్రంగి కొట్టిన బల్లలా ఉంది. మేకులు బయటికి కనిపిస్తున్నాయి. కానీ కదలదు.

న్యాయనిర్ణేతకు అసలు గండం ఇక్కడే. ఆయనకు జవాబు ముందే తెలుసు. తెలిసినవాడికి ప్రతి ఆధారమూ సరిగ్గానే కనిపిస్తుంది. రెండోది చదివినప్పుడు ఎచ్చెర్ల అన్న మాట మనసులో ముందే ఉంది కాబట్టి, ఏర్ల అన్నది దానంతటదే ఒదిగిపోయినట్టు అనిపించింది. జవాబు తెలియని పక్కింటి మాస్టారి చేతికి కాగితం ఇచ్చి చూడండి. ఆయన ఎచ్చు, ఏర్ల కలిపి గళ్లలో రాస్తారు. ఎచ్చేర్ల! దీర్ఘం ఎక్కువ. నిలువు మాట అక్కడ ఎడ్డెమంటే తెడ్డెమంటుంది. ఆయన తనే తప్పుచేశాననుకుని రబ్బరుతో చెరిపేస్తారు. కాగితం చిరుగుతుంది. ఆయన తప్పేం లేదు. ఆదివారం పూట గంటసేపు నమ్మి కూర్చున్న మనిషిని ఒక్క దీర్ఘం వంచించింది.

కాబట్టి బహుమతి మూడోదానికే. అందం లేదని నొసలు చిట్లించేవాళ్లు ఉంటారు. ఉండనీయండి. అయితే రెండోది రాసినవాళ్లకు కబురు పంపకుండా ఊరుకోవడం మాత్రం దారుణం. ఎచ్చులకు పోయిన ఆ దీర్ఘాన్ని కాస్త కోస్తే చాలు, సంధి చక్కగా కుదురుతుంది. కోస్తున్నామని ఆధారంలోనే చెప్పాలి, అంతే: 'ఎక్కువ నదుల దీర్ఘం తగ్గిన చోట విశ్వవిద్యాలయం వెలిసింది.'