ఇరుకు వీధిలో ఇనుపకోట

ఉప్పల్ కూడలి దాటి నాచారం పారిశ్రామికవాడ వైపు సాగే దారిలో, ఒక సరకు లారీ పక్క సందులోకి మళ్లితేనే రాకపోకలు స్తంభిస్తాయి. ఇరువైపులా మేడలు, వాటి నిండా కాపురాలు. అటువంటి సందులోకి 40 టన్నులు మించిన యుద్ధట్యాంకు ప్రవేశిస్తే దానిలోని సైనికుల స్థితి ఏమిటి?

వెండితెరపై ట్యాంకు అజేయం. వాస్తవం వేరు. అది విశాలమైన మైదానాల కోసం పుట్టిన ఆయుధం. దాని ఉక్కు కవచం ముందువైపు దళసరి. పైభాగాన, వెనుకవైపున పలుచన. పక్కనే ఉన్న మేడ పై అంతస్తుకు దాని ఫిరంగిని ఎక్కుపెట్టడం సాధ్యం కాదు. మూత మూసుకుంటే లోపలివారికి చూపు ఆనదు; తల పైకెత్తితే ప్రాణాపాయం. ప్రతి కిటికీ వెనుకా శత్రువు ఉండవచ్చు, పసిబిడ్డా ఉండవచ్చు.

ఈ అనుభవం హైదరాబాదుకు దూరమైనది కాదు. 1987లో శాంతి పరిరక్షణకై శ్రీలంకకు వెళ్లిన 54వ పదాతి డివిజను సికింద్రాబాదు కేంద్రంగా ఉన్నదే. ఆ ఏడాది అక్టోబరు 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్ల నుండి దిగిన భారత సైనికులను ఎల్.టి.టి.ఇ. చుట్టుముట్టింది. అక్కడ దిగిన సిక్కు దళంలోని 30 మందిలో 29 మంది నేలకొరిగారు. ఒకరు బందీ అయ్యారు. చిక్కుకున్న కమాండోలను విడిపించడానికి మేజర్ అనిల్ కౌల్ నాయకత్వాన టి-72 ట్యాంకులు కదిలాయి. వీధులలో మందుపాతరలు పొంచి ఉన్నందున అవి రైలు పట్టాల వెంట సాగాయి. కమాండోలు బయటపడ్డారు, కౌల్ ఒక కన్ను కోల్పోయారు.

1948లో హైదరాబాదుకు అట్టి గతి తప్పింది. సెప్టెంబరు 13న పోలీసు చర్య ఆరంభమైంది. 17న నిజాం లొంగిపోయాడు. జిల్లాలలో ఎంతో రక్తం చిందినా, జనరల్ చౌధురి సాయుధ శకటాలు వీధిపోరు లేకుండానే నగరంలోకి వచ్చాయి. జాఫ్నాకు దక్కని భాగ్యమది.

కాబట్టి యుద్ధవార్త వినగానే నినాదాలు చేసే యువత ఒక్క క్షణం ఆలోచించాలి. ఇనుపకోటలో కూర్చున్నవాడూ రక్తమాంసాలున్న మనిషే. అతని శౌర్యాన్ని కొనియాడడం సులభం. అతనిని అటువంటి సందులోకి పంపవలసిన అగత్యం రాకుండా చూడడం కష్టం. ప్రజాస్వామ్యంలో పౌరుని బాధ్యత ఆ కష్టమైన పనిలోనే ఉంది.