పిట్ట కొంచెం – కూత ఘనం

క్రీడల్లో గెలుపోటములను నిర్ణయించేది ధనబలమేనన్న అభిప్రాయం నానాటికీ బలపడుతున్నది. విశాలమైన క్రీడాంగణం, పేరు మోసిన శిక్షకుడు, ఆటగాళ్లకు ఉపకార వేతనాలు గల సంస్థదే విజయమని చాలామంది నమ్మకం. ఈ నమ్మకంలో నిజం లేకపోలేదు. కాని అది సంపూర్ణ సత్యం కాదు. అమెరికాలోని యూనియన్ కళాశాల 2014లో ఐస్ హాకీలో సాధించిన విజయమే ఇందుకు నిదర్శనం. అయితే ఆ విజయం నుంచి నేర్వవలసిన పాఠమేమిటో నిదానించి ఆలోచించాలి.

ఐస్ హాకీ శీతల దేశాల క్రీడ. కాళ్లకు ఉక్కు అంచులు గల స్కేట్లు ధరించి, గట్టిపడిన మంచుపై జారుతూ ఆడతారు. బంతికి బదులు ‘పక్’ అనే రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఒక్కొక్క పక్షాన గోల్ రక్షకునితో కలిపి ఆరుగురు ఆడతారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. దీని వేగం ఎంతటిదంటే, నిమిషం తిరగకముందే ఆటగాళ్లు అలసిపోయి వెలుపలికి వస్తారు; వారి స్థానంలో మరికొందరు ప్రవేశిస్తారు. అందువల్ల ఒకరిద్దరు ప్రతిభావంతులతో ఈ ఆటలో నెగ్గుకురావడం కష్టం. జట్టు యావత్తూ శ్రమించాలి.

న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ పట్టణంలో 1795లో యూనియన్ కళాశాల ఏర్పడింది. 2014 నాటికి అందులో చదివేవారు సుమారు 2,200 మంది మాత్రమే. మిగిలిన క్రీడలలో మూడవ శ్రేణిలో పోటీపడే ఈ కళాశాల, ఐస్ హాకీలో మాత్రం 1991 నుంచి మొదటి శ్రేణిలో నిలిచింది. మొదటి శ్రేణి విశ్వవిద్యాలయాలు ఆనాడు పద్దెనిమిది పూర్తి ఉపకార వేతనాల వరకు తమ హాకీ క్రీడాకారులకు ఇవ్వవచ్చు. మూడవ శ్రేణి నియమానికి కట్టుబడిన యూనియన్ ఒక్కటి కూడా ఇవ్వలేదు. కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి తోటి విద్యార్థులకు లభించే సహాయమే ఆటగాళ్లకూ లభించేది.

అటువంటి కళాశాల 2013–14లో నలభై రెండు ఆటలు ఆడి ముప్పై రెండింట గెలిచింది, ఆరింట ఓడింది, నాలుగింటిని సమం చేసుకుంది. ఫిలడెల్ఫియాలో ఏప్రిల్ 10న జరిగిన సెమీఫైనల్లో బోస్టన్ కళాశాలను 5–4తో ఓడించింది. ఆ యేటి ఉత్తమ కళాశాల ఆటగాడిగా హోబీ బేకర్ పురస్కారం పొందిన జానీ గోడ్రో ఆ ప్రత్యర్థి జట్టులోనే ఉన్నాడు. ఏప్రిల్ 12న ఫైనల్లో ఎదురైనది మిన్నెసోటా విశ్వవిద్యాలయం. అది అప్పటికే ఐదుసార్లు జాతీయ విజేత. అక్కడి విద్యార్థులు దాదాపు యాభై వేలు. తొలి గోలు మిన్నెసోటాయే చేసింది. అయినా యూనియన్ జట్టు చెదరలేదు. 7–4తో విజయం సాధించి, తొలిసారి జాతీయ విజేతగా నిలిచింది. రక్షణ ఆటగాడు షేన్ గోస్టిస్‌బేర్ ఆ పోటీల ఉత్తమ క్రీడాకారుడయ్యాడు.

దీనిని అద్భుతమని పలువురు కొనియాడారు. ఆ మాట ప్రశంసలా వినిపించినా, శ్రమను మరుగుపరుస్తుంది. మొదటి శ్రేణిలో చేరిన తరువాత దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ జట్టుకు జాతీయ పోటీలలో స్థానమే దక్కలేదు. 2003లో శిక్షకుడిగా వచ్చిన నేట్ లీమన్ ఓపికతో జట్టును నిర్మించాడు. 2011లో తొలిసారి జాతీయ పోటీలలో ప్రవేశం లభించింది. ఆ యేడే లీమన్ ప్రావిడెన్స్ కళాశాలకు వెళ్లగా, సహాయకుడైన రిక్ బెనెట్ బాధ్యత స్వీకరించాడు. 2012లో జట్టు చివరి నలుగురిలో ఒకటిగా నిలిచింది. 2014లో అదే లీమన్ శిక్షణలోని ప్రావిడెన్స్‌ను ఓడించే సెమీఫైనల్ చేరింది. విత్తు నాటినవాడు వెళ్లిపోయినా చెట్టు ఎండలేదంటే, అక్కడ పాతుకున్నది వ్యక్తి కాదు, పద్ధతి. పద్ధతితో వచ్చిన ఫలితాన్ని అద్భుతమనడం న్యాయం కాదు.

ఇక రెండవ అపోహ మరింత ప్రమాదకరమైనది. ఉపకార వేతనాలు లేకుండానే గెలిచారు కనుక అవి అనవసరమని వాదించేవారున్నారు. చదువు, సాధన, దూరప్రయాణాలు – ఈ మూడింటి భారం మోసే విద్యార్థికి, ‘నీకు పట్టుదల ఉంటే చాలు’ అని చెప్పడం సులభం. కాని ఆ మాటతో అతని కుటుంబం రుసుము చెల్లించలేదు. ఒకసారి గెలిచినంత మాత్రాన లేమి సద్గుణమైపోదు. 2022లో నిబంధన సడలగా, యూనియన్ సైతం హాకీ ఆటగాళ్లకు ఉపకార వేతనాలివ్వడానికి నిశ్చయించుకుంది. దీనిని ఆదర్శభంగంగా భావించనవసరం లేదు. పలువురు ప్రత్యర్థులకు ఉన్న అవకాశాన్ని తమ విద్యార్థులకూ కల్పించడమే ఇది.

అయితే వేతనానికీ వెలకూ భేదముంది. అమెరికాలో కళాశాల క్రీడాకారులు తమ పేరు ప్రతిష్ఠలతో సంపాదించుకోవడానికి 2021లో అనుమతి లభించింది. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే వారికి ఆదాయంలో వాటా చెల్లించే వీలు కలిగింది. ఆటగాని శ్రమతో సంస్థలు ధనం గడిస్తున్నప్పుడు అతనికి భాగముండడం ధర్మమే. కాని ధనాఢ్య సంస్థలు ఆటగాళ్లను ఏటేటా కొనుగోలు చేసే స్థితి వస్తే, పదేళ్లు ఓపికపట్టి జట్టును పెంచుకునే చిన్న కళాశాలకు తావుండదు. ఆటగాడు కూడా విద్యార్థి అన్న మాట కాగితానికే పరిమితమవుతుంది.

కళాశాల జట్టులో ఆడినవారిలో వృత్తి క్రీడాకారులుగా స్థిరపడేవారు కొద్దిమందే. మిగిలినవారికి జీవితాంతం తోడుండేది చదువు. కనుక ఏ సహాయాన్నైనా ఒక్క గీటురాయిపై పరీక్షించాలి: అది విద్యార్థిని తరగతి గదికి చేరువ చేస్తున్నదా, దూరం చేస్తున్నదా? చేరువ చేసేది ఎంత ఇచ్చినా అధికం కాదు. దూరం చేసేది పతకాలెన్ని తెచ్చినా కళాశాలకు గౌరవం కాదు. యూనియన్ విజయాన్ని ధనంపై పేదరికం గెలుపుగా కాక, తొందరపాటుపై ఓర్పు గెలుపుగా గుర్తించడమే సమంజసం.