రీసీడ్ కొట్టి పడుకుంటే జబ్బు నయమైనట్టేనా?

మెయిల్ సర్వర్లు కాసే మన సోదరులందరికీ ఒక సంజీవని దొరికింది. దాని పేరు రీసీడ్. డేటాబేస్ కాపీ మీద సెర్చ్ ఇండెక్స్ 'ఫెయిల్డ్' అని కనబడటం ఆలస్యం, 'కేటలాగ్ఓన్లీ' అని కమాండు కొట్టడం, పక్క సర్వర్ నుంచి మంచి ఇండెక్స్ తెచ్చి పడెయ్యడం, టికెట్ మూసెయ్యడం. ఎందుకు ఫెయిలయిందిరా నాయనా అని అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. నేనూ ఆ తానులో ముక్కనే లెండి. 2017 సంక్రాంతికి బుద్ధొచ్చింది.

పండక్కి రాజమండ్రిలో రైలు దిగి, కోనసీమలో మా ఊరెళ్ళాను. భోజనాల దగ్గర ఆఫీసు ఫోను. మా జట్టులో ఓ కుర్రాడు క్లయింటు అనుమతి లేకుండా సర్వర్లో మార్పు చేశాడట, వాడికి హెచ్చరిక లేఖ ఇస్తున్నారట. అనుమతి మెయిలు వచ్చిందని వాడు మొత్తుకుంటున్నాడు. జట్టు ఉమ్మడి మెయిల్‌బాక్సును వెబ్‌మెయిల్‌లో తెరిచి మేనేజరు వెదికితే ఏమీ రాలేదు. "సిస్టమే లేదంటోంది కదా!" అన్నది ఆయన వాదన.

అనుమానమొచ్చి, సెర్చ్ వదిలేసి ఆ తేదీ దాకా ఫోల్డరు కిందికి జరుపుకుంటూ వెళ్ళమన్నాను. మెయిలు భేషుగ్గా అక్కడే ఉంది! తొమ్మిది రోజుల క్రితం ప్యాచింగ్ రాత్రి డేటాబేస్‌ను ఇంకో సర్వర్‌కి మార్చారు. ఆ కాపీ ఇండెక్స్ అప్పటికే చచ్చి ఉంది. మామూలుగా అయితే ఎక్స్ఛేంజ్ ఆ మార్పుకి ఒప్పుకోదు. మనవాళ్ళు 'స్కిప్‌క్లయింట్‌ఎక్స్‌పీరియన్స్‌చెక్స్' తగిలించి దాని నోరు మూయించారు. తర్వాత మర్చిపోయారు. స్విచ్ పేరులోనే ఉంది చూడండి, వాడుకునేవాడి గోడు మాకు అక్కర్లేదని!

ఫోను పెట్టేసి చూస్తే మా బాబాయ్ దాళ్వా నీళ్ళ గురించి తిట్టిపోస్తున్నాడు. "ధవళేశ్వరంలో నిండుగా ఉందంటార్రా. ఉంటే నాకేంటి? శివారు చేలో తడుందో లేదో వచ్చి చూడమను" అని. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నించీ ఇప్పటిదాకా శివారు రైతు బాధ అదే. మనం చేసేదీ అదే పని. మెయిళ్ళు పోతున్నాయి, వస్తున్నాయి, నాలుగు కాపీలూ పచ్చగా ఉన్నాయి అని బ్యారేజీ దగ్గర కొలత చూసి మురిసిపోతాం. శివారు చేను సంగతి ఎవడికీ పట్టదు.

అసలు తికమకంతా ఇక్కడే. నాలుగు కాపీలుంటే ఇండెక్స్ కూడా లాగ్‌లతో పాటు నాలుగు చోట్లకీ వచ్చేస్తుందనుకుంటారు. ఎక్స్ఛేంజ్ 2010, 2013, 2016ల్లో రాదు. లాగ్‌లతో వచ్చేది డేటాబేస్ మాత్రమే. ఇండెక్స్ ఏ కాపీకి ఆ కాపీదే. 2019లో ఇండెక్స్‌ను మెయిల్‌బాక్స్ డేటాబేస్ లోపలికే తీసుకెళ్ళారు కాబట్టి ఆ పాత జబ్బు పోయింది. 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. అలాగని పాత సర్వర్లు ఆ రోజే ఆగిపోలేదు కదండీ.

మరేం చెయ్యాలి? ముందు అన్ని కాపీల స్థితీ చూడండి. ఒకే సర్వర్ మీద వరసగా ఫెయిలవుతుంటే రోగం ఆ సర్వర్‌ది. డిస్కులో చోటుందా? యాంటీవైరస్ ఇండెక్స్ ఫోల్డర్‌ను కెలక్కుండా మినహాయింపు పెట్టారా? 2013, 2016ల్లో సెర్చ్ సర్వీసు, దాని హోస్ట్ కంట్రోలరు, రెండూ నడుస్తున్నాయా? ఈవెంట్ లాగ్ ఏమంటోంది? ఇవి చూశాకే రీసీడ్. అన్ని కాపీలూ పోతే తెచ్చుకోవడానికి మంచి కాపీయే లేదు. ఆ రెండు సర్వీసులూ ఆపి, పాత ఇండెక్స్ ఫోల్డర్‌ను తీసేసి, మళ్ళీ మొదట్నుంచీ కట్టనివ్వాలి. పెద్ద డేటాబేస్ అయితే గంటలు కాదు, రోజులు పట్టొచ్చు. 2013లో అయితే యాక్టివ్ డైరెక్టరీలో 'కంటెంట్‌సబ్మిటర్స్' గ్రూపు లేకపోయినా ఇండెక్స్ పడిపోయేది. అది తెలీకుండా ఎన్నిసార్లు కట్టినా ఇసకలో పోసిన నీళ్ళే.

కాలవలో గుర్రపుడెక్క అడ్డం పడితే, చేలోకి రెండు ట్యాంకర్ల నీళ్ళు తోలి "సమస్య పరిష్కరించబడినది" అని రాస్తే బాబాయ్ ఊరుకుంటాడా? కర్ర పుచ్చుకుంటాడు. మన రీసీడ్ టికెట్లన్నీ ఆ బాపతే.

"ఎస్సెల్లే గంటలో మూసెయ్యాలి, కారణం వెదికే టైమెక్కడిది?" అంటారు. నిజమే. టికెట్ మూసిన సంఖ్యకే మార్కులేసే మేనేజర్లది పెద్ద పాపం. కానీ గంటలో సేవ బాగుచెయ్యండి, కారణానికి ఇంకో టికెట్ తెరవండి, అదే సర్వర్ మళ్ళీ పడితే పైవాడి దాకా తీసుకెళ్ళండి. ఇందులో ఖర్చేముంది? 'టెస్ట్-ఎక్స్ఛేంజ్‌సెర్చ్' అని ఓ కమాండుంది. మెయిల్‌బాక్సులో కనబడని మెసేజొకటి పెట్టి, అది సెర్చ్‌కి దొరికిందో లేదో చూస్తుంది. శివారు చేలో తడి చూడ్డమంటే అదే. రోజూ నడపడానికి మనకేం రోగం?

సెర్చ్‌లో రాలేదంటే మెయిలు లేదని కాదు. ఇండెక్స్‌కి తెలీదని, అంతే. కంపెనీల్లో విచారణకి మెయిళ్ళు వెదికి తీసే ఈడిస్కవరీ కూడా ఈ ఇండెక్స్ మీదే ఆధారపడింది. అక్కడ "ఏమీ దొరకలేదు" అన్న మాటకి ఒకడి ఉద్యోగం పోవచ్చు, ఇంకొకడి తప్పు కప్పడిపోవచ్చు.

ఆ హెచ్చరిక లేఖ ఆగింది లెండి. ఆ స్విచ్ కొట్టినవాడికీ ఎవరూ లేఖ ఇవ్వలేదు. వాడెవడంటారా? ఆ ప్యాచింగ్ రాత్రి డ్యూటీలో ఉన్నది నేనే.