గురువుకు మార్కులు.. కొలత ఎవరిది?

జర్నలిజం తొలి పాఠంపై విద్యార్థుల అభిప్రాయం చెప్పేదెంత.. చెప్పనిదెంత

మాధవరం (మంత్రాలయం): తుంగభద్ర వంతెనకు ఈవల ఆంధ్రప్రదేశ్, ఆవల కర్ణాటక. ఈ గట్టున ఉన్న మాధవరం నుంచి గానీ, రైలు మార్గంలోని కోసిగి నుంచి గానీ ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలలకు వెళ్లి చదువుకునే యువతకు పాత్రికేయ విద్య ఎంతో కాలం దూరపు కొండగానే మిగిలింది. ఆ చదువు కావాలంటే హైదరాబాదుకో, తిరుపతికో వెళ్లాలి. ఇల్లు, పొలం విడిచి అంత దూరం పంపగల కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో లేవు.

2020-21లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించడంతో ఈ పరిస్థితి కొంత మారింది. అప్పుడు ప్రవేశపెట్టిన నైపుణ్యాభివృద్ధి కోర్సులలో ఆర్ట్స్ విభాగం కింద ‘జర్నలిస్టిక్ రిపోర్టింగ్’ ఒకటి. వారానికి 2 గంటలు, మొత్తం 30 గంటలు, 2 క్రెడిట్లు, 50 మార్కులు. కొలతలో చిన్నదే. అయినా వార్త అంటే ఏమిటి, అది ఎలా తయారవుతుంది, ఎవరి కోసం తయారవుతుంది అన్న ప్రశ్నలు మండల స్థాయి విద్యార్థి తరగతి గదిలోకి అధికారికంగా రావడానికి అది దారి తీసింది. 2023-24లో ఒకే మేజర్ సబ్జెక్టు విధానం వచ్చి ప్రణాళిక మళ్లీ మారింది. ఈ మార్పుల మధ్య అడగవలసిన ప్రశ్న ఒకటి మరుగున పడింది. ఆ తొలి కోర్సు గురించి, దానిని బోధించిన అధ్యాపకుని గురించి విద్యార్థులు ఏమనుకున్నారు? అనుకున్నది ఎవరికి చేరింది?

ఇరవై ఒక్క ప్రశ్నలు

విద్యార్థుల అభిప్రాయం అడగడం కళాశాలలకు కొత్త కాదు. 1994లో ఏర్పడిన జాతీయ మదింపు, గుర్తింపు మండలి (న్యాక్) 2017లో తన విధానాన్ని సవరించినప్పుడు విద్యార్థుల సంతృప్తి సర్వేను మదింపులో భాగం చేసింది. ఇందులో 21 ప్రశ్నలు ఉంటాయి. సిలబస్ ఎంత శాతం పూర్తయింది, అధ్యాపకులు ఏ మేరకు సిద్ధమై వచ్చారు, ఎంత బాగా చెప్పగలిగారు, అంతర్గత మూల్యాంకనంలో నిష్పాక్షికత ఎంత.. ఇలా 20 ప్రశ్నలకు ఐదేసి జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. చివరిదైన 21వ ప్రశ్నలో మాత్రమే విద్యార్థి తన సొంత మాటల్లో సూచనలు రాయవచ్చు. దీనికి తోడు కళాశాలలు స్వయంగా అభిప్రాయాలు సేకరించి, విశ్లేషించి, చేపట్టిన చర్యలను నమోదు చేయాలన్న నిబంధన కూడా న్యాక్ ప్రమాణాల్లో ఉంది.

ఏర్పాటు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆ ప్రశ్నలు ‘అధ్యాపకులు’ అని బహువచనంలో అడుగుతాయి. చరిత్ర చెప్పిన వారు, ఆంగ్లం చెప్పిన వారు, వారానికి రెండు గంటలు జర్నలిజం చెప్పిన వారు అందరూ ఒకే గంపలో పడతారు. 30 గంటల కోర్సు గురించి విద్యార్థి మనసులో ఉన్నది ఆ సగటులో కనిపించదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర చెప్పేటప్పుడు కూడా కనిష్ఠం, గరిష్ఠం వేర్వేరుగా ప్రకటిస్తారు. సగటు ఒక్కటే చెబితే రైతు ఊరుకోడు.

మరో సంగతి. జర్నలిజం శాఖ లేని కళాశాలల్లో ఈ కోర్సు బాధ్యత భాషా శాఖల వారికో, సామాజిక శాస్త్రాల వారికో అప్పగించక తప్పలేదు. తన సబ్జెక్టు కాని దానిని, అదనపు పనిగా, ముందు రోజు రాత్రి చదువుకుని వచ్చి చెప్పిన అధ్యాపకునికి విద్యార్థి తక్కువ మార్కులు వేస్తే అది ఆ వ్యక్తికి పడిన మార్కా, నియామకాలు జరపని వ్యవస్థకు పడిన మార్కా? ఫారంలో ఈ రెండింటికీ వేర్వేరు గడులు లేవు.

నటుడు చెప్పిన పాఠం

విద్యార్థి అభిప్రాయాన్ని ఎంతవరకు నమ్మవచ్చునన్నది ప్రపంచవ్యాప్తంగా దశాబ్దాలుగా నలుగుతున్న చర్చ. 1970లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఒక వింత ప్రయోగం చేశారు. ఒక నటుణ్ని ‘డాక్టర్ ఫాక్స్’ అనే నిపుణుడిగా పరిచయం చేసి, వైద్య విద్యలో గణిత సిద్ధాంతాల వినియోగంపై ఉపన్యాసం ఇప్పించారు. అతనికి ఆ విషయం తెలియదు. ఉపన్యాసంలో పరస్పర విరుద్ధమైన మాటలు, అర్థం లేని పదాలు, చమత్కారాలు తప్ప సారం లేదు. చెప్పే తీరు మాత్రం మనోహరం. విన్నవారు చదువు రాని వారు కారు, మనోవైద్యులు, విద్యావేత్తలు. వారిలో అత్యధికులు ఉపన్యాసం బాగుందనే రాశారు. 1973లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

మాటకారితనాన్ని పాఠంగా పొరబడే ప్రమాదం అన్ని సబ్జెక్టుల్లోనూ ఉంది. జనమాధ్యమాల కోర్సులో అది మరీ ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ చెప్పే తీరే పాఠంలో ఒక భాగం. గంభీరమైన గొంతు, నాలుగు సినిమా ఉదాహరణలు, రెండు రాజకీయ చెణుకులు ఉంటే తరగతి గది నిండిపోతుంది. సెమిస్టరు చివర విద్యార్థికి వార్త రాయడం వచ్చిందా అన్నది మాత్రం వేరే సంగతి.

అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థులను అధ్యాపకులకు యాదృచ్ఛికంగా కేటాయిస్తారు. తమకు నచ్చిన వారిని ఎంచుకునే వీలు లేదు. అందుకే అక్కడి లెక్కలకు విలువ ఎక్కువ. 2010లో కారెల్, వెస్ట్ అనే ఆర్థికవేత్తలు ఆ లెక్కలు పరిశీలించారు. తొలి కోర్సులో మంచి మార్కులు తెప్పించిన అధ్యాపకులకు విద్యార్థులు మంచి అభిప్రాయం రాశారు. అయితే తరువాతి, కఠినమైన కోర్సులలో ఆ విద్యార్థులే వెనుకబడ్డారు. పునాది కోర్సుకు ఇది నేరుగా వర్తించే హెచ్చరిక. పునాది గట్టిదో కాదో పై అంతస్తు వేసేటప్పుడే తెలుస్తుంది. అభిప్రాయ ఫారం మాత్రం పునాది రోజునే నింపించుకుంటారు.

2015లో వెలువడిన మరో చిన్న అధ్యయనం ఆన్‌లైన్ తరగతికి సంబంధించినది. బోధించేది ఎవరో విద్యార్థులకు కనిపించదు. పేరు ఒక్కటే తెలుస్తుంది. పురుషుని పేరు ఉన్నప్పుడు కంటే స్త్రీ పేరు ఉన్నప్పుడు తక్కువ మార్కులు పడ్డాయి. కెనడాలోని రయర్సన్ విశ్వవిద్యాలయం వివాదంలో 2018లో మధ్యవర్తి, పదోన్నతుల కోసం బోధన సామర్థ్యాన్ని కొలవడానికి విద్యార్థుల సర్వేలను వాడరాదని తీర్పు చెప్పారు. విద్యార్థుల అనుభవం తెలుసుకోవడానికి అవి పనికిరావని మాత్రం ఆయన అనలేదు.

ఆ తేడాయే ముఖ్యం. అధ్యాపకునికి సబ్జెక్టు ఎంత తెలుసో మొదటి సంవత్సరం విద్యార్థి తేల్చలేడు. కానీ తరగతి సమయానికి మొదలైందా, అర్థం కాలేదంటే మళ్లీ చెప్పారా, ప్రశ్న అడిగిన వాడిని చిన్నబుచ్చారా, వెనుక బెంచీ వైపు ఒక్కసారైనా చూశారా అన్నవి అతనికంటే బాగా చెప్పగల సాక్షి మరొకరు లేరు.

‘ఎంత బాగా’ కాదు.. ‘ఎన్నిసార్లు’

అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1908లో పాత్రికేయ పాఠశాల ప్రారంభమైంది. తరగతులు మొదలైన రోజే విద్యార్థుల పత్రిక తొలి సంచిక వెలువడింది. పత్రిక తీస్తూనే పత్రికారచన నేర్చుకోవాలన్నది ఆ పద్ధతి. మన వైపు చూస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో జర్నలిజం శాఖ ఏర్పడింది. తెలుగు నేలపై ఈ చదువుకు అది మొదలు. అప్పటి నుంచీ సిద్ధాంతం ఎంత, సాధన ఎంత అన్న తర్జనభర్జన తెగలేదు.

పరిచయ కోర్సు ఎక్కడ చూసినా 1948 నాటి లాస్వెల్ సూత్రంతో మొదలవుతుంది. ఎవరు, ఏమి, ఏ మార్గంలో, ఎవరికి చెప్పారు, ఫలితమేమి? ఇది తెలియడం అవసరమే. కానీ మాధవరం విద్యార్థికి ఆ ఐదు ప్రశ్నలకు ఉదాహరణలు వెతకడానికి పుస్తకం తెరవనక్కరలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం నీట మునిగినప్పుడు హెచ్చరిక ఎవరు ఇచ్చారు, ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు? 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నదీతీర గ్రామాలకు ఆ కబురు టీవీ ద్వారా ముందు తెలిసిందా, దండోరా ద్వారానా, ఫోనులోనా? ఎల్లెల్సీ అని అందరూ పిలిచే దిగువ కాలువ కింది రైతు ఆ వార్తను ఏ భయంతో విన్నాడు? ఇవి కాగితం పట్టుకుని ఊరిలోకి వెళితే జవాబు దొరికే ప్రశ్నలు.

చరిత్రకూ దూరం పోనక్కరలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో సాగింది. తెలుగు, కన్నడం అందులో ప్రసార భాషలు. నది అవతలి రాయచూరు జిల్లా పల్లెలు ఆ ప్రయోగంలో ఉన్నాయి. జనమాధ్యమాల పాఠ్యపుస్తకాల్లో ప్రపంచమంతా చదివే అధ్యాయం వంతెన దాటితే చాలు, ఆ టీవీ చూసిన వృద్ధుల నోట వినవచ్చు.

అందుకే ఈ కోర్సు విషయంలో అభిప్రాయ ఫారం అడిగే ‘ఎంత బాగా’ అన్న ప్రశ్నకంటే ‘ఎన్నిసార్లు’ అన్న ప్రశ్న ఎక్కువ నిజం చెబుతుంది. 30 గంటల్లో విద్యార్థి ఎన్నిసార్లు కళాశాల గేటు దాటి వార్త కోసం వెళ్లాడు? ఎన్ని వార్తలు రాశాడు? వాటిలో ఎన్నింటిని అధ్యాపకుడు ఎర్ర సిరాతో దిద్ది తిరిగి ఇచ్చాడు? ఒక పేరు, ఒక అంకె తప్పు రాస్తే ఎవరైనా పట్టుకున్నారా? వీటికి జవాబులు అంకెల్లో వస్తాయి. చమత్కారంగా మాట్లాడే వారికీ, ముభావంగా ఉండే వారికీ కొలత ఒకటే. ముందు రోజు రాత్రి చదువుకుని వచ్చిన తెలుగు అధ్యాపకుడు పది వార్తలు దిద్ది ఇచ్చి ఉంటే ఈ లెక్కలో ఆయనే ముందుంటాడు. అది న్యాయం కూడా.

ఏ భాషలో విన్నారు?

2021 జూన్‌లో ప్రభుత్వం డిగ్రీ కళాశాలలన్నీ ఆ విద్యాసంవత్సరం నుంచి ఆంగ్ల మాధ్యమంలోనే బోధించాలని నిర్ణయించింది. ఉద్యోగావకాశాల దృష్ట్యా దీనిని సమర్థించినవారు ఉన్నారు. ఇతర సబ్జెక్టుల మాట ఎలా ఉన్నా, వార్తా రచన విషయంలో ఒక వైరుధ్యం తప్పదు. ఆదోని బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. విద్యార్థి సమాచారం సేకరించేది ఈ భాషల్లో. అతనికి విలేకరిగా పని దొరికితే రాయవలసింది తెలుగులో. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు ప్రారంభించిన తరువాత మండల కేంద్రాల్లో విలేకరుల వ్యవస్థ విస్తరించింది. ఆ పనికి కావలసింది పాఠకునికి తెలిసిన తెలుగు. వార్తను ఆంగ్లంలో నేర్చి తెలుగులో రాయడమంటే ఎమ్మిగనూరు మగ్గంపై నేయవలసిన చీరకు మరో ఊరి కొలతలు ఇచ్చినట్లే. బోధన ఏ భాషలో సాగింది, రాత ఏ భాషలో చేయించారు అన్న ప్రశ్న న్యాక్ సర్వేలో లేదు. కళాశాలలు సొంతంగా వేసే ఫారంలో చేర్చడానికి అడ్డంకి ఏమీ లేదు.

ఫారం నింపనివారు

అభిప్రాయం చెప్పిన వారి గురించే ఇంతవరకు. చెప్పనివారి సంగతి ఇంకా పెద్దది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతానికి కాస్త లోపే. జిల్లా పడమటి మండలాలు అందులోనూ వెనుక వరుస. మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో ఖరీఫ్ పంట చేతికి రాగానే, రాకపోయినా, కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, బెంగళూరు భవన నిర్మాణ పనులకు తరలిపోతాయి. దీనినే ఇక్కడ సుగ్గి అంటారు. కన్నడంలో ఆ మాటకు పంట కోతల పండుగ కాలమని అర్థం. నది దాటి వచ్చాక అది వలసకు పేరైంది.

బడి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు తెరుస్తున్నారు. డిగ్రీ విద్యార్థికి ఆ సదుపాయం లేదు. రెండో సెమిస్టరు సాగే నెలలు, మిరప కోతల నెలలు ఇంచుమించు ఒకటే. తల్లిదండ్రులతో పాటు వెళ్లిన విద్యార్థి హాజరు పట్టికలో గైర్హాజరు. అభిప్రాయ సేకరణలో అసలు లేనేలేడు. తరగతి చివరి రోజున ఉన్నవారు ఇచ్చిన మార్కులే కోర్సు మార్కులవుతాయి. మధ్యలో వదిలేసినవారు ఎందుకు వదిలేశారో, అది పేదరికం వల్లనా, పాఠం అర్థం కాకనా అన్నది నమోదు కాదు. విద్యార్థుల సంతృప్తి శాతం ఎక్కువగా వచ్చిన చోట ముందుగా చూడవలసింది ఎంతమంది చేరారు, ఎంతమంది ఫారం నింపారు అన్న రెండు అంకెలనే.

అభిప్రాయ సేకరణను సెమిస్టరు చివరకు వాయిదా వేయకుండా ఐదో వారంలోనే ఒకసారి జరిపితే ఈ లోటు కొంత తీరుతుంది. సుగ్గికి వెళ్లనున్న విద్యార్థి అప్పటికి తరగతిలోనే ఉండే అవకాశం ఎక్కువ. మార్చుకోవడానికి అధ్యాపకునికీ పది వారాలు మిగులుతాయి. ఖర్చు ఒక్కో విద్యార్థికి ఒక తెల్ల కాగితం. పేరు రాయనక్కరలేదు. మూడు ప్రశ్నలు చాలు: ఇప్పటికి ఎన్ని వార్తలు రాశారు, ఎన్ని దిద్ది ఇచ్చారు, అర్థం కానిది ఏది?