మాతృభాష గడిలో ఏం రాస్తున్నాం?

మిర్చి కోతల కాలంలో కుసుమంచి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. మూడో తరగతి. టీచరమ్మ బోర్డు మీద ‘ఏరు’ అని రాసి అర్థం అడిగారు. వెనక వరసలో, ఛత్తీస్‌గఢ్ నుంచి కోతలకు వచ్చిన కోయ కుటుంబం పిల్ల ఒకతె చెయ్యెత్తింది. బడికి వస్తున్న నెల రోజుల్లో ఆ పిల్ల చెయ్యెత్తడం అదే మొదటిసారట. ‘నీళ్లు’ అంది. క్లాసంతా నవ్వింది. ‘ఏరంటే వాగు, కూర్చో’ అన్నారు టీచరమ్మ. కూర్చుంది. నేనున్నంతసేపూ మళ్లీ తలెత్తలేదు.

ఆ పిల్ల తప్పు చెప్పలేదు. కోయలో ఏరు అంటే నీళ్లే. కోయ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబంలో పుట్టిన అక్కచెల్లెళ్లు. మనం రోజూ పలికే పాలేరు, మున్నేరు పేర్ల చివర ఉన్నది ఆ పిల్ల ఇంటి మాటకు తోబుట్టువు. ఆ ఒక్క మాట పట్టుకుని పది నిమిషాలు మాట్లాడుకుని ఉంటే నవ్విన పిల్లలకు తమ పక్కనున్న ఏటి పేరుకు అర్థం తెలిసేది, ఆ పిల్లకు తన మాటకు బడిలో చోటుందని తెలిసేది. టీచరమ్మను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కోయలో నాలుగు మాటలైనా ఆమెకు ఎవరు నేర్పారు గనక?

పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెడితే వాళ్లే కలిసిపోతారని మన నమ్మకం. ఆ కలవడం మాత్రం ఒకవైపు నుంచే జరుగుతోంది. మా మండలంలో తండాలు చాలా ఉన్నాయి. తండా నుంచి వచ్చే పిల్ల ఇంట్లో యాడి, బాపు అంటుంది, పాణి అడుగుతుంది, బాటి తింటుంది. బడికొచ్చిన ఏడాది రెండేళ్లలో అమ్మ, నాన్న, నీళ్లు, రొట్టె నేర్చేసుకుంటుంది. పదేళ్లు ఆమె పక్కనే కూర్చున్న ఊరి పిల్లకు లంబాడీల గోర్ బోలిలో పది వరకు అంకెలైనా రావు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఖమ్మం జిల్లాలో నూటికి 27 మంది గిరిజనులు. అంతమంది ఇళ్లలోని మాటలు, పాటలు, పండగలు మిగతా పిల్లల చెవిన పడకుండానే పదో తరగతి అయిపోతోంది.

వార్షికోత్సవంలో ఫేటియా, కాంచళి కట్టించి లంబాడీ నృత్యం చేయిస్తున్నాం కదా అంటారు. చేయించండి, బాగుంటుంది. కానీ శ్రావణంలో తీజ్ కోసం తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచిన పిల్లను, అదే నెలలో మొలకల పాఠం చెబుతూ ఎందుకు అడగం? మట్టి ఏది, రోజుకెన్నిసార్లు నీళ్లు, మొలక ఎన్నో రోజున తలెత్తుతుంది? ఆ గదిలో ఆ సంగతి చేత్తో చేసి తెలుసుకున్నది ఆ పిల్ల. ఆ రోజు ఆమె చెబితే మిగతావాళ్లు నోట్సు రాసుకోవాలి.

అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: వేరువేరు జాతుల వాళ్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ద్వేషం తగ్గదు. ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, ఇద్దరూ కలిసి చేయాల్సిన పని ఒకటుండాలి, పైవాళ్లు దానికి అండగా నిలవాలి. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను మొదటిసారి కలిపినప్పుడు గొడవలు రేగాయి. మనస్తత్వవేత్త ఎలియట్ అరాన్సన్ అక్కడ ఒక ఉపాయం చేశాడు. పాఠాన్ని ముక్కలు చేసి బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్కవాడి ముక్క వినకపోతే తనకు పాఠం పూర్తి కాదు. వెక్కిరిస్తే నష్టం వెక్కిరించిన వాడికే.

ఈ పద్ధతికి మన దగ్గర పైసా ఖర్చు లేదు. పాలేరు జలాశయాన్నే పాఠం చేద్దాం. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు ఇక్కడికెలా వస్తాయో ఒకరు అడిగి రావాలి. చేపలు పట్టే ఇంటి పిల్లవాడు వలల సంగతి చెప్పాలి. ఇంకొకరు కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చూసి రావాలి. మిర్చి తోటకు తడి పెట్టే లెక్క రైతు బిడ్డది. నీళ్లను ఎవరింట్లో ఏమంటారో సేకరించే పని కోయ పిల్లది, తండా పిల్లది. అయిదు ముక్కలూ కలిస్తేనే పాలేరు.

కలిసి చదివితే ఏం మారుతుందో మన దేశంలోనూ చూశారు. ఢిల్లీలో 2007 నుంచి పెద్ద ప్రైవేటు బడులు పేద పిల్లలకు సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆర్థికవేత్త గౌతమ్ రావు అక్కడ చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. పేద పిల్లలతో చదివిన ధనిక పిల్లల్లో ఉదారత పెరిగింది, వివక్ష తగ్గింది. పేర్ల అక్షరక్రమంలో చదువు బృందాలు కట్టినందువల్ల పేద పిల్లల సరసన పడ్డవారిని చూస్తే, ఈ మార్పులో పెద్ద పాలు రోజువారీ సావాసానిదేనని తేలింది.

మనం చేస్తున్నది దానికి ఎదురు. స్తోమత ఉన్న ఇంటి పిల్లల్ని పసుపుపచ్చ బస్సు పొద్దున్నే ఖమ్మం తీసుకుపోతుంది. ఎస్సీలకొక గురుకుల సొసైటీ, ఎస్టీలకొకటి, బీసీలకు, మైనారిటీలకు మరొక్కోటి. ఇతరులకు కొన్ని సీట్లున్నా, వీటి అమరికే పిల్లల్ని విడదీసేది. ఆ గురుకులాలు పేద పిల్లలకు చేసిన మేలు నేను కాదనను. వీటిని ఒకే ప్రాంగణంలోకి తెచ్చే సమీకృత గురుకులాలను ప్రభుత్వం 2024లో తలపెట్టింది. మంచిదే. గోడ ఒకటైనా గదులు, భోజనాల వరసలు వేరుగా ఉంటే ఆ ఖర్చు సిమెంటుకే.

ఉపాధ్యాయుల మాటా తేలాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, బంజారా (లంబాడీ) సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలైంది, దాన్ని నిలబెట్టుకోలేకపోయాం. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. రిజర్వేషన్ వాదన ఎటు తేలినా, పిల్లల భాష నేర్చుకోవడానికి ఏ తీర్పూ అడ్డు రాదు. నేర్చుకోకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2017లో ఎస్టీ హోదాపై ఆదివాసీ, లంబాడీ వివాదం ఏజెన్సీ బడుల గడప తొక్కినప్పుడు, పిల్లలకు ఒకరి గురించి ఒకరికి తెలిసిన కాస్తా పెద్దల గొడవల్లోంచి వచ్చిందే.

ఆ బడి నుంచి వచ్చే ముందు ప్రవేశాల రిజిస్టరు చూశాను. మాతృభాష అని ఒక గడి ఉంటుంది. తండా పిల్లల పేర్ల ఎదుట పైనుంచి కిందిదాకా ‘తెలుగు’ అనే ఉంది. కోయ పిల్ల పేరు అందులో ఎక్కనే లేదు, కోతలయ్యాక వెళ్లిపోయే పిల్ల కదా అన్నారు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు హెడ్మాస్టర్లను నేను అడిగేది ఒకటే. ఆ గడి నింపే ముందు, బిడ్డను తీసుకొచ్చిన తల్లిని ‘ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా?’ అని అడగండి. ఆమె చెప్పిందే రాయండి.