చీనావారి చలవ

‘వేడి చేసింది’ అనే మాటను ఇంగ్లీషులో చెప్పమంటే మా కాలేజీ పిల్లలు దిక్కులు చూస్తారు. జ్వరమూ కాదు, ఎండదెబ్బా కాదు. నోరు పూసి, కళ్ళు మండి, ముఖాన కురుపులు లేస్తే మనం అనే మాట అది. చీనా భాషలో చెప్పమంటే మాత్రం చిక్కు లేదు. ‘షాంగ్ హువొ’ అంటారు వాళ్ళు, నిప్పు పైకెక్కడమని అర్థం. వేసవిలో బయటినుంచి వచ్చి మనిషిని పట్టుకునే వేడిమి వేరు, దానికి ‘షు’ అని మరో పేరు. నేను వైద్యుణ్ణి కాను. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక మాటలమీది మోజుతో మొదలుపెట్టి మందులదాకా వచ్చాను.

చీనావారి చలవలో మనకు వింతగా తోచేది మంచు జోలికి పోకపోవడం. ఎండనపడి వచ్చినవాడికి గోరువెచ్చని నీళ్ళిస్తారు. చన్నీళ్ళు జీర్ణశక్తిని చంపుతాయనీ, చెమటను లోపలే బిగబడతాయనీ వారి నమ్మకం. సుమారు రెండువేల ఏళ్ళనాటి ‘హువాంగ్‌దీ నైజింగ్’ అనే వైద్యగ్రంథమైతే వేసవిలో పెందలాడే లేవమనీ, ఎండను ఏవగించుకోవద్దనీ, కోపం తెచ్చుకోవద్దనీ చెబుతుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం ఈ చివరి సలహా పాటించగల గృహస్థు నాకింతవరకు తారసపడలేదు.

పూర్వం కాంటన్ అని పిలిచిన గ్వాంగ్‌జౌ నగరంలో ‘లియాంగ్ చా’ అమ్ముతారు. చలవ టీ అన్నమాట. పేరుకే టీ, తరచు అందులో తేయాకు ఉండదు. చేమంతిపూలూ, రకరకాల ఆకులూ వేళ్ళూ కాచిన చేదు కషాయం. వాటిలో పేరుపడ్డ ‘వాంగ్ లావొజి’ 1828 నాటిది. ఇప్పుడు ఇలాంటివి డబ్బాల్లో తియ్యగా దొరుకుతున్నాయి. అంత చక్కెర పోశాక చలవ ఏపాటి మిగులుతుందో!

మన ఇళ్ళలో తేలిగ్గా కుదిరేది పెసల నీళ్ళు. శ్రీరామనవమికి వడపప్పు తినే మనకు పెసలు చలవని ఒకరు చెప్పనక్కరలేదు. కాని మనం పొట్టు తీసేస్తాం. చలవంతా ఆ పొట్టులోనే ఉందంటారు వాళ్ళు. గుప్పెడు పెసలు కడిగి, ఐదారు గ్లాసుల నీళ్ళలో మూతపెట్టి ఓ పది నిమిషాలు కాచి, నీరు ఆకుపచ్చగా ఉండగానే వంచుకుని, ఆరనిచ్చి తాగుతారు. మిగిలిన పెసలు మళ్ళీ ఉడికించుకుంటే కూరకు పనికొస్తాయి. మనం వడియాలకు దాచుకునే బూడిద గుమ్మడికాయను వాళ్ళు వేసవిలో చెక్కుతో సహా చారు కాస్తారు. తీవ్రజ్వరానికి ఇచ్చే పాతమందొకటి ‘తెల్లపులి కషాయం’. పుచ్చకాయకేమో ‘పుట్టుకతోనే తెల్లపులి కషాయం’ అని ముద్దుపేరు!

ఇవి అందరికీ పడవు. కడుపు నీళ్ళగా ఉన్నవారూ, చలవ శరీరంవారూ వీటికి దూరంగా ఉండాలని చీనా వైద్యులే అంటారు. గర్భిణులు డాక్టరు నడగకుండా మూలికల టీ ముట్టకూడదు. ఇక ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, స్పృహ తప్పుతున్న మనిషి నోట్లో ఏ కషాయమూ పొయ్యకండి. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

2022 ఆగస్టులో చోంగ్‌చింగ్ ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలకు ఎక్కింది. అలాంటి ఎండకు పెసల నీళ్ళు ఆనవని చీనా ప్రభుత్వానికీ తెలుసు. 2012లో చేసిన నిబంధనల ప్రకారం 40 డిగ్రీలు దాటితే ఆరుబయట పని ఆపాలి. 35 దాటిన రోజుల్లో ఎండన పనిచేసేవారికి అదనపు భత్యం ఇవ్వాలి. చలవ పానీయాలూ ఇవ్వవలసిందే గాని, వాటిని ఆ భత్యం కింద జమకట్టడానికి వీల్లేదని విడిగా రాశారు. గ్లాసెడు పెసల నీళ్ళు పోసి లెక్క తేల్చేసే యజమానులు వాళ్ళకూ ఉండే ఉంటారు. మా వీధిలో మేడ కడుతున్న కూలీలకు మేనెల మధ్యాహ్నం ఎదురింటి ఇల్లాలు మజ్జిగ పంపుతుంది. పని ఆపి నీడకు రమ్మనే మేస్త్రీ మాత్రం కనబడడు.