గాజుపెంకుల వజ్రాలు

ముసలి నాటకరాయుడు రంగం మీదికి వచ్చి రాగం ఎత్తుకోగానే "వన్స్‌మోర్" అని కేకలు పెట్టేవాళ్లను చూశారా? వాళ్లలో సగంమంది వినేది ఎదుట నిలబడ్డ మనిషి పద్యాన్ని కాదు, ముప్ఫయ్యేళ్ల కిందట విన్న పద్యాన్ని. గొంతు పోయిన సంగతి ఆయనకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా చప్పట్లు ఆగవు. అది గౌరవమా, జాలా అని అడిగితే మర్యాదగా వుండదు గనక ఎవరూ అడగరు.

రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు బ్యాండు సంగతిలో నాకు ఆ ప్రశ్న అడగాలనిపించింది. 1962లో లండనులో పుట్టిన ఈ రాక్ బృందం 2023 అక్టోబరు 20న "హాక్నీ డైమండ్స్" అనే ఆల్బం విడుదల చేసింది. సొంత పాటలతో ఆల్బం తెచ్చి అప్పటికి పద్ధెనిమిదేళ్లయింది. 2005 నాటి "ఎ బిగ్గర్ బ్యాంగ్" తర్వాత మళ్లీ ఇదే. మధ్యలో 2016లో ఒకటి వచ్చింది గాని, అందులోవన్నీ ఇతరుల పాత బ్లూస్ పాటలు. ఈ ఆల్బం వచ్చేనాటికి పాడే మిక్ జాగర్‌కు ఎనభై నిండాయి. గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌కు డెబ్బయ్ తొమ్మిది. ముగ్గురిలో కుర్రవాడు రానీ వుడ్. ఆయనకు డెబ్బయ్యారు!

"పాత ప్రతాపం తిరిగి వచ్చింది" అన్నారు విమర్శకులు. ఆ మాట అట్టే నమ్మదగింది కాదు. 1978లో "సమ్ గర్ల్స్" వచ్చిన తర్వాత వీళ్లు ఏ రికార్డు వేసినా, "దాని తర్వాత ఇంతటిది రాలేదు" అనడం వాళ్లకు రివాజు. అంచేత అనుమానంగానే విన్నాను. విన్నాక ఒప్పుకోక తప్పలేదు. ఈసారి కొట్టిన చప్పట్లు జాలివి కావు.

పేరు చూడండి. హాక్నీ లండనులో ఒక పేట. కిటికీ అద్దం ఎవరో బద్దలు కొట్టి పోతే వీధిలో మెరుస్తూ పడివుండే గాజుపెంకులను అక్కడివాళ్లు వేళాకోళంగా హాక్నీ వజ్రాలంటారు. ముసలివాళ్లు తమ మీద తామే వేసుకున్న చెణుకు కాబోలు.

ఇంతకీ ఇన్నేళ్లూ సాగని పని అప్పుడెలా సాగింది? సరస్వతీ కటాక్షం వగైరా ఏమీ కాదు. గడువు! పాటలు సగంసగం రికార్డు చేసి వదిలెయ్యడం అలవాటైపోయిందని గ్రహించి, 2023 ఫిబ్రవరి 14కల్లా ముగించి తీరాలని జాగర్ పట్టుబట్టాడు. వారం వారం సీరియల్ రాసే రచయితలకు ఈ రహస్యం కొత్తది కాదు లెండి. రెండో కారణం ఆండ్రూ వాట్ అనే నిర్మాత. ముప్ఫయి రెండేళ్లవాడు. రోజుకొక రోలింగ్ స్టోన్స్ బొమ్మ బనీను తొడుక్కుని స్టూడియోకు వచ్చేవాడట! అంత భక్తి వున్నవాడు దేవుళ్ల చేత పని చేయించడం కష్టం. ఇతను చేయించాడు.

లోటు లేదనను. డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ 2021 ఆగస్టు 24న పోయాడు. ఎడమచేతి దెబ్బ పడేచోట కుడిచేతిని తాళాల మీదినుంచి ఎత్తేసే అలవాటు ఆయనది. ఆ చిన్న ఖాళీలోంచి గాలి ఆడేది. తర్వాత వచ్చిన స్టీవ్ జోర్డాన్ గట్టివాడే గాని, ఆ గాలి వేరు. అంతకుముందే చార్లీ వాయించి పెట్టిన రెండు పాటలు ఇందులో వున్నాయి. వాటిలో "లివ్ బై ది స్వోర్డ్" పాటకు ఎప్పుడో బృందం వదిలిపోయిన బిల్ వైమన్ కూడా వచ్చి బాస్ గిటారు వాయించాడు. అన్నదమ్ములు పంచుకుపోయిన ఇంట్లో పెద్దదినానికి అందరూ చేరినట్టుంది.

ఇంకో పాటకు బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ బాస్ వాయించాడు. 1963లో లెనన్, మెకార్ట్‌నీలు ఈ స్టోన్స్‌కు ఒక పాట రాసి ఇచ్చారు. అరవయ్యేళ్లకు మళ్లీ అదే చెయ్యి.

అన్నిటికంటె "స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్" పాటను మెచ్చుకోవాలి. ఏడు నిమిషాలు దాటుతుంది. స్టీవీ వండర్ మెట్ల మీద వేళ్లు నడిపిస్తుంటే, లేడీ గాగా అనే అమ్మాయి జాగర్‌తో పోటీపడి పాడుతుంది. పాట అయిపోయిందనుకుంటాం. ఎవరో ఒకరు మళ్లీ మొదలుపెడతారు, తక్కినవాళ్లు అందుకుంటారు. సభ ముగించబుద్ధి కాని విద్వాంసుల వాలకం అది.

ఏమాటకామాటే చెప్పాలి. కొన్ని పాటల్లో మెరుగు ఎక్కువైంది. జాగర్ గొంతును తోమి తోమి కొత్త ఇత్తడి చెంబులా చేశారు. 2025లో ఈ ఆల్బంకు గ్రామీ బహుమతి ఇచ్చారు. ఇస్తే ఇచ్చారు గాని, చివరి పాట లేకపోతే నేను ఇంతగా రాసేవాణ్ణి కాను.

ఆ పాట మడ్డీ వాటర్స్ అనే నీగ్రో జాతి బ్లూస్ విద్వాంసుడు 1950లో రికార్డు చేసింది. బృందానికి పేరు దానినుంచే తీసుకున్నారు. 1961లో డార్ట్‌ఫర్డ్ రైలుస్టేషనులో జాగర్ చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు చూసి రిచర్డ్స్ మాట కలిపాడు. స్నేహం అలా కుదిరింది. ఇందులో డ్రమ్ములు లేవు, అతిథులు లేరు. ఒకరి గిటారు, మరొకరి గొంతు, మౌత్‌ఆర్గాను. అంతే. గొంతులో ఆ ఎనభయ్యేళ్లూ వినిపిస్తాయి. ఇక్కడ మాత్రం వాటినెవరూ తోమలేదు.